ఎనిమిది సైట్లకూ ఒకటే దూలం: కాంట్రాక్టు పనుల్లో ఉమ్మడి రిస్కులు పట్టుకోవడం ఎలా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ కంపెనీ చేతిలో ఇప్పుడు ఎనిమిది పనులు నడుస్తున్నాయి. హైదరాబాద్‌లో రెండు ప్రైవేటు అపార్ట్‌మెంట్లు, ఖమ్మం వైపు ఒక రోడ్డు, విజయవాడలో ఒక ఆసుపత్రి భవనం, మిగతా నాలుగూ తాగునీటి పైపులైన్లు, స్కూలు భవనాలు, అవన్నీ ఒకే ప్రభుత్వ శాఖవి. ప్రతి సైటుకీ ఒక రిస్క్ రిజిస్టర్ ఉంది, అంటే అక్కడ ఏం తప్పు జరగొచ్చో రాసుకునే పట్టిక. ఎండీ గారు "మొత్తం మీద మనకి ఎంత రిస్కు ఉందో చెప్పు" అంటే, మీరు ఎనిమిది రిజిస్టర్లూ ఒకే ఎక్సెల్‌లో పేర్చి, ఒక్కో వరుసలో జరిగే అవకాశాన్ని నష్టంతో గుణించి అన్నీ కూడారు. 3 కోట్ల 20 లక్షలు తేలింది. ఆ అంకె ఆయన ముందు పెట్టొచ్చా అని అడుగుతున్నారు.

అదొక్కటే పెట్టకండి. నేను 24 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, మొదట ప్లానింగ్ ఇంజనీరుగా, తర్వాత ఏడెనిమిది సైట్లు ఒకేసారి చూసే బాధ్యతలో. ఆ కూడిక అంకెను నమ్మి అప్పుల పాలైన కంపెనీలను దగ్గర్నుంచి చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క. సులువుగా ఉండటానికి ఎనిమిది సైట్లలో ఒక్కోదానికి 2 కోట్లు నష్టపోయే అవకాశం 20 శాతం అనుకోండి. సగటు నష్టం 8 × 2 × 0.2, అంటే మీ 3.2 కోట్లే. ఒక సైటు నష్టానికి ఇంకో సైటు నష్టంతో ఏ సంబంధమూ లేకపోతే, నాలుగు గానీ అంతకన్నా ఎక్కువ గానీ సైట్లు ఒకే ఏడాది దెబ్బతినే అవకాశం 5.6 శాతం. ఎనిమిదీ ఒకేసారి పోయే అవకాశం 3,90,625లో ఒకటి, అంటే దాని గురించి ఆలోచించక్కర్లేదు. ఇప్పుడు అదే 20 శాతం అన్ని సైట్లకీ ఒకే కారణం నుంచి వస్తోందనుకోండి. సగటు మళ్లీ 3.2 కోట్లే, ఒక్క పైసా మారదు. కానీ ఇప్పుడు 80 శాతం ఏమీ జరగదు, 20 శాతం ఒకేసారి 16 కోట్లు పోతాయి. మీ ఎక్సెల్‌లో ఈ రెండు కంపెనీలూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిది చెడ్డ ఏడాదిలో లాభం తగ్గించుకుని బయటపడుతుంది, రెండోది మూతపడుతుంది.

నిజానికి ఏ కంపెనీ అయినా ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. అయితే మధ్యలో ఉన్నాం కదా అని ధైర్యపడటానికి లేదు. ఆ 20లో 15 సైటు సొంత కారణాల వల్ల, 5 మాత్రమే అందరికీ ఉమ్మడి కారణం వల్ల అనుకున్నా, ఎనిమిదీ ఒకేసారి మునిగే అవకాశం 100కి 5 అయింది. విడివిడిగా లెక్కేసినప్పుడు వచ్చిన దానితో పోలిస్తే దాదాపు 20 వేల రెట్లు. ఉమ్మడి భాగం చిన్నదే కావచ్చు, కంపెనీని ముంచేది మాత్రం ఎప్పుడూ అదే. అణు విద్యుత్ కేంద్రాల భద్రత చూసే ఇంజనీర్లు 1970ల నుంచీ ఇలాగే ఒక వైఫల్యంలో ఎంత భాగం సొంతం, ఎంత భాగం ఉమ్మడి అని విడదీసి లెక్కేస్తున్నారు. మన పనులకీ అది చక్కగా సరిపోతుంది.

సరే, ఆ ఉమ్మడి భాగం మీ రిజిస్టర్లలో ఎందుకు కనబడలేదు? సైట్ ఇన్‌చార్జ్ తన కళ్ల ముందున్నది రాస్తాడు, రాయాల్సింది కూడా అదే. కారణం తనకి కనబడనంత దూరంలో ఉంటే అది తన దగ్గరికి ఏ రూపంలో వచ్చిందో ఆ రూపమే రాస్తాడు. నాకు ఇది బాగా నష్టపోయాక తెలిసింది. అప్పుడు నేను చూస్తున్నవి ఆరు సైట్లు. నెలవారీ మీటింగులో ఒక సైటు "స్లాబుకీ స్లాబుకీ మధ్య 14 రోజులు పట్టేది, 19కి పోతోంది" అని రాసింది. ఇంకో సైటు "కూలీల కొరత" అని, మూడోది "కాంక్రీటు ఫినిషింగ్ బాగాలేదని క్లయింటు నోటీసు" అని, నాలుగోది "సెంట్రింగ్ సామాను ఆలస్యం" అని (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చునే సెంట్రింగ్ అంటాం). ఒకటి షెడ్యూలు కింద, ఒకటి లేబర్ కింద, ఒకటి క్వాలిటీ కింద, ఒకటి మెటీరియల్ కింద పడ్డాయి, నాలుగూ పసుపు రంగులోనే, అంటే గమనిస్తే చాలు అనే స్థాయిలోనే ఉన్నాయి, నేను సంతకం పెట్టేశాను. నాలుగింటి వెనకా ఉన్నది ఒక్కడే సెంట్రింగ్ మేస్త్రి. అతను బెంగళూరులో పెద్ద పని ఒప్పుకుని, మంచి పనివాళ్లనీ ప్లేట్లనీ కొద్దికొద్దిగా అక్కడికి తరలిస్తున్నాడు. రెండు నెలల తర్వాత పూర్తిగా చేతులెత్తేశాడు, నాలుగు సైట్లు పది రోజుల తేడాలో ఆగిపోయాయి. కొత్త ముఠాలని ఎక్కువ రేటుకి తెచ్చుకుని మళ్లీ గాడిలో పడేసరికి ఒక సైటులో 11 వారాలు పోయాయి. ఆ నాలుగు కాగితాలూ నా టేబుల్ మీద పక్కపక్కనే ఉన్నాయి. వాటిలో ఎక్కడా మేస్త్రి పేరు లేదు, అంతే తేడా.

అందుకే రిజిస్టర్లని పేర్చడం ఆపి, ఇంకో కాగితం తయారు చెయ్యండి. ఎడమ వైపు "మనం దేని మీద నిలబడి ఉన్నాం", పైన ఎనిమిది సైట్లు. ఎడమ వైపు "లేబర్", "మెటీరియల్" లాంటి మాటలు రాయొద్దు, వాటిని రాస్తే ప్రతి గడిలోనూ టిక్కు పడుతుంది, ఏమీ తెలియదు. పేర్లు రాయండి. ఫలానా మేస్త్రి, ఫలానా కంకర క్రషర్, ఫలానా ఇసుక రీచ్ (నదిలో ఇసుక తవ్వే చోటు), ఫలానా శాఖ, ఫలానా బ్యాంకు శాఖ, ఫలానా స్ట్రక్చరల్ డిజైనర్, ఫలానా బ్యాచింగ్ ప్లాంట్ (కాంక్రీటు కలిపే ప్లాంట్), మన ఆఫీసులో బిల్లులు తయారుచేసే ఫలానా క్వాంటిటీ సర్వేయర్. గడిలో టిక్కు కూడా వద్దు, రెండు అంకెలు వెయ్యండి: ఈ సైటు అవసరంలో ఎంత శాతం దీని నుంచి వస్తోంది, ఇది ఆగిపోతే ఎన్ని రోజులకి సైటు ఆగుతుంది. క్రషర్ ఆగితే మూడు రోజులు స్టాకుతో నడవచ్చు, డిజైనర్ ఆగితే నెల దాకా తెలియదు కూడా.

ఈ వివరాలు ఫారం పంపితే రావు. ఒక్కో ఇన్‌చార్జ్ దగ్గర గంట కూర్చోండి, వీలైతే సైటు మీదే. నేను అడిగే ప్రశ్న ఒకటే: "రేపు పొద్దున ఎవరు ఫోన్ ఎత్తకపోతే నీ పని ఆగుతుంది?" రిస్కులేంటి అని అడిగితే వర్షం, కూలీలు, భూసేకరణ అని పాఠం అప్పజెప్పినట్టు చెబుతారు, ఈ ప్రశ్నకి మాత్రం మనుషుల పేర్లు చెబుతారు. స్టోర్ కీపర్నీ, బిల్లింగ్ చూసే అమ్మాయినీ కూడా అడగండి. ఏ సరుకు ఎక్కడ నుంచి వస్తోందో, ఏ బిల్లు ఎవరి టేబుల్ మీద ఆగిందో వాళ్లకి తెలిసినంత ప్రాజెక్ట్ మేనేజర్లకి తెలియదు.

ఒక మెట్టు వెనక్కి కూడా వెళ్లాలి. "మాకు ఇద్దరు రెడీమిక్స్ సప్లయర్లు ఉన్నారు, ఒకరు పోయినా ఇంకొకరు" అంటారు. ఆ ఇద్దరికీ కంకర ఎక్కడిది? అడిగితే ఒకే క్వారీ అని తేలిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ఇద్దరు సిమెంటు డీలర్లు ఉంటారు, ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీ నుంచి తెస్తారు. రెండు మెట్లకన్నా వెనక్కి పోవద్దు, ఆ తర్వాత అంతా ప్రపంచమే వస్తుంది, మనం చేయగలిగింది ఉండదు.

ఇప్పుడు డబ్బు. మీ రిజిస్టర్లలో దీని గురించి దాదాపు ఏమీ లేకపోయి ఉంటుంది, ఎందుకంటే సైటు వాళ్లకి డబ్బు హెడ్డాఫీసు నుంచి వచ్చేది, దాని సంగతి హెడ్డాఫీసు చూసుకుంటుంది. కాంట్రాక్టు కంపెనీలో అన్ని సైట్లూ ఆనుకుని ఉండే అన్నిటికన్నా పెద్ద దూలం ఇదే. మీ నాలుగు పనులు ఒకే శాఖవి అన్నారు కదా. ఒక్కోదానికి వేరే అగ్రిమెంటు, వేరే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, వేరే ఫైలు. ఫైళ్లు వేరైనా చెల్లింపు వచ్చే ఖజానా ఒకటే. ఆ నాలుగు పనుల మీద నెలకి 9 కోట్ల బిల్లు లేస్తుందనుకుందాం. బిల్లులో 60 శాతం కూలి, డీజిల్, సిమెంటుకి ఆ నెలలోనే చేతి నుంచి పోతుంది, ఇంకో 25 శాతం సప్లయర్లని బతిమాలి 60 రోజులు ఆపొచ్చు. చెల్లింపులు ఆగిపోయి, పని మాత్రం అదే వేగంతో నడిస్తే మొదటి నెల చివరికి 5.4 కోట్లు, రెండో నెలకి 10.8 కోట్లు, మూడో నెలకి 16.2 కోట్లతో పాటు మొదటి నెల సప్లయర్ల బాకీ 2.25 కోట్లు కలిపి 18.45 కోట్లు బయటికి పోతాయి. బ్యాంకులో మీకు వాడుకోడానికి మిగిలిన లిమిట్ 14 కోట్లే అయితే మూడో నెలలో కథ అయిపోయింది. అప్పుడు ఆగేది ఆ నాలుగు పనులే కాదు, ఆ శాఖతో ఏ సంబంధమూ లేని మీ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లు కూడా ఆగుతాయి, జీతాలు పోయేది ఒకే ఖాతా నుంచి కదా.

ఇంకొకటి బ్యాంక్ గ్యారంటీలు, అంటే మనం మాట తప్పితే క్లయింటుకి డబ్బు కడతానని బ్యాంకు మన తరఫున ఇచ్చే హామీలు. పని సరిగ్గా చేస్తామనే పెర్ఫార్మెన్స్ గ్యారంటీ, పని మొదలుపెట్టడానికి తీసుకున్న ముందస్తు డబ్బుకి ఇచ్చే మొబిలైజేషన్ అడ్వాన్సు గ్యారంటీ, అన్నీ ఒకే లిమిట్ నుంచి తీస్తారు. ఒక క్లయింటు కోపం వచ్చి ఒక్క గ్యారంటీ ఇన్వోక్ చేశాడంటే, అంటే ఆ మొత్తం కట్టమని బ్యాంకుని అడిగాడంటే, ఆ డబ్బు పోవడం చిన్న విషయం. బ్యాంకు మేనేజరు ఆ రోజు నుంచి మీ ఖాతాని వేరే కళ్లతో చూస్తాడు, కొత్త గ్యారంటీకి మార్జిన్ (మనం ముందే కట్టాల్సిన వాటా) పెంచుతాడు, రెన్యువల్ ఆపుతాడు, గెలిచిన టెండరుకి అగ్రిమెంటు చేసుకోలేక ఈఎండీ (టెండరుతో పాటు కట్టిన ధరావతు) పోగొట్టుకుంటారు. ఒక శాఖ మిమ్మల్ని బ్లాక్‌లిస్టులో పెడితే మిగతా టెండర్లలో ఆ సంగతి మీరే రాసి ఇవ్వాలి. కాబట్టి ఎనిమిదింట్లో అతి చిన్న పని, ఎవరూ పట్టించుకోని ఆ స్కూలు భవనం, మొత్తం కంపెనీని లాగేయగలదు. చిన్న పనుల రిజిస్టర్లు చివర్లో తిరగేసే అలవాటు ఉంటే మానుకోండి.

ఒకే క్లయింటు నిర్ణయం ఎంత దూరం పోతుందో తెలుగు కాంట్రాక్టర్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. అమరావతికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. రోడ్లు, అధికారుల నివాసాలు, సచివాలయ టవర్లు, రకరకాల ప్యాకేజీలు, రకరకాల కంపెనీలు. 2019లో ప్రభుత్వం మారాక పనులు ఆగిపోయాయి, మళ్లీ పనుల ప్రారంభం 2025 మే 2న జరిగింది. అక్కడ మూడు ప్యాకేజీలు ఉన్న కాంట్రాక్టరు తన దగ్గర మూడు ప్రాజెక్టులు ఉన్నాయనుకుని ఉండొచ్చు, రిస్కు లెక్కలో చూస్తే ఉన్నది ఒకటే ప్రాజెక్టు. ఆ ఏళ్లలో సబ్ కాంట్రాక్టర్లుగా వెళ్లి యంత్రాల కిస్తీలు కట్టలేక టిప్పర్లు వదిలేసుకున్న కుటుంబాలు నాకు తెలుసు. వాళ్లలో ఎవరూ పని చేతకాని వాళ్లు కాదు.

వాతావరణం గురించి ఒక మాట. "మాకు రెండు రాష్ట్రాల్లో సైట్లు ఉన్నాయి, ఒకచోట వాన పడితే ఇంకోచోట పని నడుస్తుంది" అనేది చాలామంది నమ్మకం. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 గుర్తు చేసుకోండి. ఒకే వాయుగుండానికి ఖమ్మంలో మున్నేరు పొంగింది, విజయవాడలో బుడమేరు ఊళ్లోకి వచ్చింది, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి, మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైదరాబాద్–విజయవాడ హైవే కూడా తెగింది. మీ ఖమ్మం రోడ్డు, మీ విజయవాడ ఆసుపత్రి ఆ రెండు రోజుల్లో ఒకే సైటు. పైగా హైదరాబాద్ నుంచి రావాల్సిన సామాను కూడా రాదు. కాబట్టి రాష్ట్రం పేరు చూడొద్దు, నది చూడండి, దారి చూడండి. మీ రెండు సైట్లకీ మధ్య ఉన్న రోడ్డూ రైలూ ఎన్నిచోట్ల ఒకే వాగు దాటుతున్నాయో మ్యాపులో గీసుకోండి, అరగంట పని.

వానకన్నా ఎక్కువ బాధపెట్టేది దాని ముందు వచ్చే కాలం. మన దగ్గర మట్టి పని, పునాదులు జూన్ లోపల అయిపోవాలి. ఎనిమిది సైట్ల షెడ్యూళ్లు పక్కపక్కన పెట్టి చూడండి, ప్రతి ఒక్కరూ మార్చి నుంచి మే దాకా ప్రొక్లెయినర్లు, టిప్పర్లు కావాలని రాసి ఉంటారు. ఒక్కో సైటు ప్లాను విడిగా చూస్తే తప్పేమీ లేదు. కలిపితే మీ దగ్గర ఉన్న యంత్రాలకి రెండింతలు కావాలి, బయట అద్దెకి తెద్దామంటే ఊళ్లో అందరికీ అదే మూడు నెలలు. సంక్రాంతి, హోలీ, ఛఠ్ పూజ, ఎన్నికలు, ఇవి కూడా ఇలాంటివే, తేదీలు ముందే తెలిసినా ప్రతి ఏడాదీ ఎవరి రిజిస్టరులోనూ ఉండవు.

కూలీల సంగతి 2020లో అందరం చూశాం. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది, మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు (వలస కూలీల ప్రత్యేక రైలు) మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకి దాదాపు 1200 మందితో బయల్దేరింది. ఆ మనుషులు పడ్డ బాధ ముందు మన షెడ్యూళ్లు ఏపాటివి. కానీ ఆ తర్వాత పనులు తెరిచిన రోజున కంపెనీలన్నిటికీ ఒకేసారి అర్థమైంది, రాడ్ బెండింగ్, సెంట్రింగ్, టైల్స్, అన్నిటికీ మనం కొన్ని జిల్లాల మనుషుల మీదే ఆధారపడి ఉన్నామని. వాళ్లని క్యాంపులో తిండీ జీతం ఇచ్చి మనుషుల్లా చూసుకున్న సైట్లకి తొందరగా తిరిగొచ్చారు. కాబట్టి మీ కాగితంలో కూలీల వరుసలో కాంట్రాక్టరు పేరు పక్కన వాళ్లది ఏ జిల్లానో కూడా రాయండి.

ధరలు, పన్నులు, ప్రభుత్వ విధానాలు: ఇవి ఒక్క కాగితంతో అన్ని సైట్లనీ తాకుతాయి. 2019లో ఆంధ్రాలో పాత ఇసుక విధానం పోయి కొత్తది సెప్టెంబరు 5న మొదలైంది, అదే సమయంలో కృష్ణా గోదావరి వరదలు వచ్చి రీచ్‌లు మునిగాయి, నెలల తరబడి భవన నిర్మాణం నిలిచి కూలీలు రోడ్డున పడ్డారు. 2022 జులై 18 నుంచి ప్రభుత్వ వర్క్స్ కాంట్రాక్టుల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. అంతకు కొన్ని నెలల ముందే ఉక్రెయిన్ యుద్ధంతో ఇనుము ధర కొండెక్కింది. ఇక్కడ ఒక జాగ్రత్త. అందరికీ తాకుతుంది కదా అని ఎనిమిది సైట్లకీ ఒకే నష్టం వెయ్యకండి. కొన్ని అగ్రిమెంట్లలో ధరల సర్దుబాటు క్లాజు ఉంటుంది, తక్కువ గడువు పనుల్లో చాలాసార్లు ఉండదు. ఒకచోట ఇనుము క్లయింటే ఇస్తాడు. ఒకచోట పన్ను మారితే తేడా శాఖ భరిస్తుంది, ఇంకోచోట రేటులోనే అన్ని పన్నులూ కలిపేసి ఉంటారు. ఒకే దెబ్బ ఒక సైటుని చంపుతుంది, ఇంకో సైటుకి అసలు తగలదు. దీనికి అగ్రిమెంట్లు తీసి చదవడం తప్ప దారి లేదు. ఎనిమిది అగ్రిమెంట్లలో ధర, పన్ను, గడువు పొడిగింపు, చెల్లింపు ఆలస్యం, ఈ నాలుగు క్లాజులు ఒక పేజీలో ఎక్కించుకోండి. రెండు రోజులు పడుతుంది, దీన్ని ఎవరికో అప్పజెప్పకుండా మీరే చెయ్యండి.

ఇప్పుడు ఎవరూ చూడని చోటు చెబుతాను: మీ జవాబులు. రిజిస్టరులో ప్రతి రిస్కు పక్కనా "ఏం చేస్తాం" అనే గడి ఉంటుంది కదా, ఎనిమిది రిజిస్టర్లలో ఆ గడి ఒక్కటే విడిగా తీసి కింద కింద పెట్టి చదవండి. మూడు సైట్లు "బ్యాచింగ్ ప్లాంట్ ఆగితే ఫలానా సైటు ప్లాంట్ నుంచి తెస్తాం" అని రాసి ఉంటాయి. నాలుగు సైట్లు "అవసరమైతే హెడ్డాఫీసు సీనియర్ ఇంజనీరుని పంపుతుంది" అని రాసి ఉంటాయి, ఆ సీనియర్ ఇంజనీరు ఒక్కడే. అందరూ చెప్పే అత్యవసర నిధి కూడా ఒకటే. సైటు సైటుకీ జవాబు ఉంది, అందరికీ కలిపి లేదు. 1975 మార్చి 22న అమెరికాలోని అలబామాలో బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో గాలి ఎక్కడ లీకవుతోందో చూడటానికి ఒక కొవ్వొత్తి వెలిగించారు, దాని నుంచి నిప్పంటుకుని 1600కి పైగా కేబుళ్లు కాలాయి. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని కట్టుకున్న భద్రతా వ్యవస్థలు చాలావరకు ఒకేసారి పనిచెయ్యకుండా పోయాయి, వాటి కేబుళ్లు ఒకే దారిలో పక్కపక్కనే పోతున్నాయి కాబట్టి. మీ మూడు సైట్ల బ్యాకప్ బ్యాచింగ్ ప్లాంట్ కూడా అలాంటి కేబుల్ దారే.

కొలిచేటప్పుడు అవకాశం ఇంత శాతం అని మళ్లీ గుణకారాల్లోకి పోకండి. ఉమ్మడి రిస్కులకి మన దగ్గర ఆ శాతాలు నమ్మదగినంత చరిత్ర ఉండదు. బదులుగా మూడు నాలుగు కథలు రాయండి, ఒక్కోదాన్నీ ఎనిమిది సైట్ల మీదా నడిపించండి. "ఆ శాఖ నాలుగు నెలలు బిల్లులు ఇవ్వలేదు." "ఆగస్టు చివర్లో పెద్ద వరద, పదిహేను రోజులు దారులు లేవు." "పెద్ద మేస్త్రి తప్పుకున్నాడు." "ఇనుము మూడు నెలల్లో 30 శాతం పెరిగింది." ఒక్కో కథకి ఏ సైటు ఎన్ని రోజులు ఆగుతుంది, ఏ నెలలో చేతిలో డబ్బు అయిపోతుంది, ఏ గ్యారంటీ ప్రమాదంలో పడుతుంది. తర్వాత రెండు కథలు కలిపి కూడా నడపండి, మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు వానాకాలంలోనే బిల్లులు ఆగడం కొత్త కాదు, పని తగ్గితే బిల్లు తగ్గుతుంది, బిల్లు తగ్గితే కూలీలకి ఇవ్వలేం, కూలీలు పోతే వాన తగ్గాక కూడా పని లేవదు. ఎండీ గారు అడిగిన "ఎంత రిస్కు" అనే దానికి అసలు జవాబు "ఈ కథ జరిగితే మూడో నెలలో మన దగ్గర డబ్బు ఉండదు" అనే వాక్యం. దాని పక్కన మీ 3.2 కోట్లు కూడా ఉంచండి, అది సాధారణ సంవత్సరానికి పక్కన పెట్టుకోవాల్సిన మొత్తంగా పనికొస్తుంది.

అయితే ప్రతిదాన్నీ ఉమ్మడి రిస్కు అని పైకి లాగకండి. ఖమ్మం రోడ్డులో భూసేకరణ, ఆసుపత్రిలో లిఫ్టు డ్రాయింగులు మారడం, అపార్ట్‌మెంటు పక్కింటివాళ్ల కేసు, ఇవి ఆ సైటువే, అక్కడే ఉండనివ్వండి. నా లెక్క ఏంటంటే, రెండు సైట్లని ఆపగలిగితే గమనిస్తాను, మూడింటిని ఆపగలిగినా లేదా జీతాల ఖాతాని తాకినా హెడ్డాఫీసు చూడాల్సిందే. ఇలా వడపోస్తే మీకు పది పన్నెండుకి మించి మిగలవు. ఒక్కోదానికీ ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి ఏ సైటుకీ ఇన్‌చార్జ్ కాకూడదు, తన సైటు మంట ఆర్పుకునేవాడికి మిగతా ఏడూ కనబడవు.

కొన్నిటికి జవాబు ఉమ్మడిగా ఉంటేనే చవక. మేస్త్రి విషయంలో, ఏ ఒక్కరి దగ్గరా మన మొత్తం స్లాబు పనిలో మూడో వంతుకన్నా ఎక్కువ ఉండకూడదని హద్దు పెట్టుకున్నాం, రేటు కొంచెం పెరిగింది, పెరగనిచ్చాం. యంత్రాలకి మార్చి నుంచి మే దాకా ఎవరికి ఎప్పుడు అని జనవరిలోనే హెడ్డాఫీసు నిర్ణయిస్తుంది, రెండు సైట్ల పునాదులు కావాలనే ముందుకో వెనక్కో జరుపుతాం. ఒక శాఖ నుంచి రావాల్సిన బాకీ ఇంత దాటితే ఆ శాఖ కొత్త టెండర్లకి వెయ్యం. ఈ చివరిది అన్నిటికన్నా కష్టం, చేతిలో పని లేనప్పుడు టెండరు వదులుకోవడం ఏ ఎండీకీ మనసొప్పదు, అందుకే ఆ అంకెని గొడవ లేని నెలలో రాసి ఆయన చేత సంతకం పెట్టించుకోండి.

ముందస్తు గుర్తులు కూడా ఒక్కోదాని పక్కనే రాయండి. బిల్లు పాసవడానికి సగటున ఎన్ని రోజులు పడుతోంది, 45 నుంచి 70కి పోయిందా. మేస్త్రి దగ్గర పాత మనుషులు ఎంతమంది మిగిలారు. సప్లయరు అప్పు మీద ఇచ్చేవాడు అడ్వాన్సు అడుగుతున్నాడా. ప్లేట్లు సైటు నుంచి బయటికి పోతున్న గేటు పాసులు, నా ఆరు సైట్లలో ఇవి చూసి ఉంటే రెండు నెలల ముందే తెలిసేది.

మీరు ఈ వారంలో మొదలుపెట్టాలంటే, ఎక్సెల్ తెరవకుండా ఇద్దరు ఇన్‌చార్జ్‌ల దగ్గరికి వెళ్లి ఫోన్ ప్రశ్న అడగండి, ఖమ్మం, విజయవాడ అయితే మంచిది. రెండు జాబితాల్లోనూ ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకుని రండి. బ్యాంకులో మిగిలిన లిమిట్ ఎంత, నాలుగు పనుల బాకీ ఎంత అనే రెండు అంకెలు అకౌంట్స్ నుంచి తెచ్చుకోండి. ఆ శాఖ నాలుగు నెలలు బిల్లులు ఇవ్వకపోతే అనే లెక్క మీ అసలు అంకెలతో వేసి ఇక్కడ రాస్తే, ఏ నెలలో తెగుతుందో, ఎక్కడ ఊపిరి దొరుకుతుందో కలిసి చూద్దాం.